మా రోజుల్లో గీత గీశామంటే

ఇప్పుడు ఏ ఆర్కిటెక్టు ఆఫీసుకి వెళ్లినా ప్రాజెక్ట్ మేనేజరని ఒకాయన ఉంటాడు. ఆయన ముందు రెండు తెరలు, వాటి మీద రంగురంగుల పట్టీలు. పునాదికో పట్టీ, స్లాబుకో పట్టీ, ప్లంబింగుకో పట్టీ. ఎప్పుడు చూసినా సగం ఎర్రగానే ఉంటాయి. మా రోజుల్లో ఆ పేరుతో ఉద్యోగం లేదు. ఆ పని మాత్రం ఉండేది, బొమ్మ గీసినవాడే చేసుకునేవాడు.

ఎలా చేసేవాడంటే, ముందు ట్రేసింగ్ కాగితం సంగతి చెప్పాలి. రోట్రింగ్ పెన్నుతో ఇంకు గీత పడ్డాక తప్పయితే బ్లేడుతో గీకాలి. ఒకే చోట రెండుసార్లు గీకితే కాగితానికి చిల్లు పడుతుంది. అప్పుడు షీటంతా మళ్లీ మొదటి నుంచి. ఆ భయంతో ఇంటాయన నోట ఖాయమైన మాట వచ్చేదాకా ఇంకు ముట్టేవాళ్లం కాదు. పెన్సిలు బొమ్మ ముందేసుకుని కూర్చోబెట్టి అడిగేవాళ్లం. ఇంట్లో పెద్దావిడ మెట్లెక్కగలదా? పెళ్లినాటి బీరువా వెడల్పెంత? వంట నిలబడి చేస్తారా, కూర్చునా? సిద్ధాంతిగారిని పిలిపించేదీ అప్పుడే. ఆయన మెట్లు ఇటు కాదు అటు అంటే రబ్బరుతో చెరిపేస్తే సరిపోయేది. ఇప్పుడు సిద్ధాంతిగారు స్లాబు పడ్డాక వస్తున్నారు. ఆయన తప్పేం లేదు, పిలిచినవాళ్లు అప్పుడు పిలిచారు.

ఇప్పటి కుర్రాడికి గోడ జరపడమంటే మౌసు నొక్కడం. అందుకే ఎవరూ ఏదీ తేల్చరు. 'తర్వాత చూద్దాం సార్, మార్చుకోవచ్చు' అంటాడు. మార్చుకోవచ్చు నాయనా, తెర మీద. సైటులో లింటెల్ పోసేశాక ఇంటావిడ త్రీడీ బొమ్మ చూసి కిటికీ ఇంకో అడుగు వెడల్పుంటే బావుండుననుకుంటే, పగిలేది లింటెలు. కొత్త పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. కార్పెంటరు ఫోనులో నిన్నటిది, మేస్త్రీ ఫోనులో మొన్నటిది. ఇద్దరూ డ్రాయింగు ప్రకారమే చేశామంటారు, ఇద్దరూ నిజమే చెబుతారు. మేము అమ్మోనియా ప్రింటు పంపితే రిజిస్టరులో నంబరు, తేదీ రాసి సంతకం పెట్టించుకునేవాళ్లం. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి తీసుకుని చింపేసేవాళ్లం. సైటులో ఒక్కటే ఉండాలి, అంతే.

ఏదీ తేల్చకుండా మొదలుపెడితే ఏమవుతుందో పెద్ద కట్టడాల్లోనూ చూశాం. పైకప్పు గుల్లలు ఎలా కట్టాలో తేలకుండానే సిడ్నీ ఒపేరా హౌసుకి 1959లో పని మొదలుపెట్టారు. ప్రభుత్వానికి తొందర. తీరా కప్పు బరువు తేలాక అడుగున పోసిన స్తంభాలు ఆగవని తెలిసింది, వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. నాలుగేళ్లన్న పని 1973 దాకా సాగింది. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్లు దాటింది. దాన్ని గీసిన ఆర్కిటెక్టు ఊట్జన్ 1966లోనే పని వదిలి వెళ్లిపోయాడు. మహా కట్టడమే, కాదనను. కానీ మనవాళ్లు రెండువందల గజాల ఇంటికి అదే పద్ధతి పట్టుకుంటే ఎలా?

మా కాలమంతా బంగారమని అనడం లేదు. సిమెంటుకి పర్మిట్టు కావాల్సి వచ్చేది. 1982లో కొంత, 1989లో పూర్తిగా నియంత్రణ ఎత్తేశారుగానీ, అంతకుముందు బస్తాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడమే పెద్ద పని. ఇక మునిసిపల్ ప్లాను సంగతి తలుచుకోకపోవడం మేలు. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ వచ్చాక 75 గజాల్లోపు స్థలానికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు, పెద్ద కట్టడాలకు 21 రోజులు గడువు పెట్టారు. ఇది మేలే, పొగడాల్సిందే. నా గొడవల్లా అలా మిగిలిన నెలలు ఎటు పోతున్నాయని. టైల్సు ఏ రంగో తేలక పోతున్నాయి.

పట్టీల చార్టు కొత్తదేం కాదు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1957లోనే ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో లెక్కగట్టే పద్ధతి తయారుచేసింది. మేము ఆ పట్టీలు గ్రాఫు కాగితం మీద గీసుకునేవాళ్లం. గృహప్రవేశం మాఘంలో అనుకుంటే అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టేవాళ్లం. రంగులకెన్ని రోజులు, ప్లాస్టరింగు ఆరడానికెన్ని, స్లాబు ఎప్పుడు పడాలి, సిమెంటు ఎప్పటికి చేతికి రావాలి. సిమెంటు రాకుండా సెంట్రింగు కట్టించేవాళ్లం కాదు. ఇప్పుడు ఆలస్యమైతే కుర్రాడు పట్టీని మౌసుతో కుదిస్తాడు. స్లాబు కింద ఆధారాలు 4.5 మీటర్ల లోపు స్పానుకి 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు కోడు ఐఎస్ 456 చెబుతుంది. పొడి, వేడి వాతావరణంలో క్యూరింగు 10 రోజులకు తగ్గకూడదంటుంది. కాంక్రీటుకి ఆ కుర్రాడి చార్టు కనబడదుగా!

సైటు ఆర్డరు బుక్కని ఒకటుండేది. కార్బన్ పెట్టి మూడు ప్రతులు. ఏ మార్పు చెప్పినా అందులో రాసి, దానికయ్యే ఖర్చూ రాసి, కంట్రాక్టరు సంతకం, ఇంటాయన సంతకం. ఖర్చు అంకె చూశాక సగం మార్పులు ఆగిపోయేవి. ఇప్పుడు వాయిస్ మెసేజ్ పెడతారు. ఆఖరి బిల్లు రోజున ఆ మెసేజ్ వెతకలేక తగువు. పునాది పూడ్చకముందే టేపు పట్టి లోతు కొలతల పుస్తకంలో ఎక్కించేవాళ్లం. ఇప్పుడు యాప్‌లో ఫొటోలు వందలొస్తాయి. టేపు పట్టని ఫొటోలో గొయ్యి ఎంత లోతో ఎవడికి తెలుస్తుంది?

కంప్యూటరు వద్దని నేననను. రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో బీము పక్కనుంచి పైపు పోతుందో లేదో ముందే కనబడుతుంది, మాకది స్లాబు పగలగొట్టాకే తెలిసేది. ఆ పనికి వాడుతున్న ఆఫీసులు ఎన్నని అడుగుతున్నాను. ఎక్కువమంది సోఫా మీద ఎండ పడే బొమ్మ చూపించి పని పట్టుకోవడానికే వాడుతున్నారు.

ఇల్లు కట్టించుకోబోయేవాళ్లకి ఒక్క మాట. మీ ఆర్కిటెక్టుని త్రీడీ బొమ్మ తర్వాత అడగండి. ముందు తలుపులు కిటికీల కొలతల పట్టిక, కరెంటు పాయింట్ల డ్రాయింగు, నీళ్ల గొట్టాల డ్రాయింగు అడగండి. వాటి మీద మీరూ, మీ ఇంట్లోవాళ్లూ సంతకాలు పెట్టండి. అవి చేతికి రాకుండా స్థలంలో ముగ్గు పోయనివ్వకండి.