చల్లని గాజు పళ్ళెం ఆత్మకథ

‘నేను’ అనుకోవడం దానికి అలవాటు లేదు. ఆపరేషన్ గదిలో అందరూ “ఆ డిష్ ఇటియ్యండి” అంటారు గనక తన కథను కూడా పక్కింటివాళ్ళ కథలాగే చెప్పుకుంటుంది.

వంశకర్త జూలియస్ రిచర్డ్ పెట్రీ. బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేస్తూ 1887లో మూత ఉన్న ఈ పళ్ళేన్ని లోకానికి చూపించాడు. పూర్వీకులు సూక్ష్మజీవులను సాకారు. హైదరాబాద్‌లో జుట్టు నాటే ఒక క్లినిక్‌కు చేరిన ఇది మాత్రం వెంట్రుకలకు కాపలా. పొద్దున్నే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఉడుకుతుంది. కాసేపటికి మంచు మీద 4 డిగ్రీల చలిలో కూర్చుంటుంది.

ఆ రోజు బల్ల మీద బోర్లా పడుకున్నది బయ్యారం నుంచి వచ్చిన రైతుబిడ్డ. అతని తల వెనక నుంచి తీసిన గ్రాఫ్టులు ఒక్కొక్కటే సెలైన్‌లోకి దిగుతున్నాయి. ఒక్కోదానిలో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు, అడుగున తెల్లటి ఉబ్బు. ప్రాణమంతా అక్కడే. టెక్నీషియన్ ఫోర్సెప్స్‌తో చుట్టూ ఉన్న కండను పట్టుకుంటుందే తప్ప ఆ ఉబ్బును తాకదు. నొక్కితే కణాలు నలిగిపోతాయి. పదేసి చొప్పున వరసలు పేర్చి, మూత మీద మార్కర్‌తో టైమ్ రాసింది.

భోజన విరామంలో అతను లేచి కూర్చుని పళ్ళెంలోకి తొంగి చూశాడు.

“నీళ్ళలనే ఎందుకు మేడమ్?”

“గాలికి ఎండితే పనికిరావన్నా.”

“మా నారు లెక్కనే! పీకి గట్టు మీద ఎండల వదిలేస్తే నాటు తిప్పుకోదు.”

కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలమ తవ్వించిన బయ్యారం చెరువు కింద పెరిగినవాడికి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఎండిపోవడం ఒక్కటే గండం కాదు. రక్తప్రసరణ తెగిన గ్రాఫ్టుకు ఆక్సిజన్ అందదు. చలి దాని ఆకలిని తగ్గిస్తుంది గానీ కణంలోంచి సోడియాన్ని తోడిపోసే పంపును కూడా మందగింపజేస్తుంది. నీరు చేరి కణం ఉబ్బుతుంది. అందుకే కొందరు డాక్టర్లు సెలైన్ బదులు హైపోథెర్మోసాల్ లాంటి ద్రావణం పోస్తారు. నాటాక రక్తం తిరిగి అందేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ పోటు మరొకటి.

మూత మీది టైమ్ ఊరికే రాసింది కాదు. టెక్సాస్ డాక్టర్ బాబీ లిమ్మర్ గ్రాఫ్టులను చల్లని సెలైన్‌లో ఉంచి నాటి చూస్తే, 2 గంటలున్నవి 95 శాతం, 6 గంటలున్నవి 86, 24 గంటలున్నవి 79, 48 గంటలున్నవి 54 శాతం బతికాయి.

సాయంత్రానికి పళ్ళెం ఖాళీ.

“నాటినవి కొన్ని వారాల్లో రాలతయి, భయపడకు. మూడు నాలుగు నెలలకు కొత్తవి మొలుస్తయి” అంది టెక్నీషియన్.

“అంటే వానాకాలం నాటు, యాసంగికి పంట” అని నవ్వాడతను. మిగతా మాటలు పళ్ళేనికి వినబడలేదు. అప్పటికే సింకులో కుళాయి తిప్పారు.