పాకాలలో వాన

పాకాల జంక్షన్ దగ్గర మా పక్కింటి పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. పొద్దుగూకే వేళ ఆమె ఫోన్ మోగిందంటే వాడే.

"మా, కుంభవృష్టంట గదా! మిద్దె కారతా ఉండాదా?"

"యాడ వాన నాయనా? చెనిక్కాయ ఇత్తనం ఏసి మోడం దిక్కు చూస్తా ఉండాము."

అది జూలైలో. కార్తీకంలో ఇంకో తంతు. ఇక్కడ ముసురు పట్టి వీధంతా బురద, వాడేమో "ఎండ బాగా కాస్తా ఉండాదే, వడియాలు పెట్టినావా మా?" అనేవాడు. పెద్దమ్మ నవ్వు మా ఇంట్లోకి వినిపించేది. వానతో మొదలైన మాట ఆవు ఈనడం మీదికి, ఎదురింటోళ్ల తగువు మీదికి పోయి, ఎప్పటికో ఆగేది.

సంక్రాంతికొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఈ వెదర్ విడ్జెట్‌కు పిచ్చి పట్టిందన్నా, చూడు."

పిచ్చి దానికి కాదు. వీడు పాకాల అని కొట్టి, మొదట కనిపించిన పేరు నొక్కేశాడు. అది వరంగల్ జిల్లా పాకాల! 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలాన కట్టిన చెరువుందే, ఆ పాకాల. వాళ్లకు వానలు ఎక్కువగా నైరుతిలోనే. మనకు గట్టి వాన పడాలంటే ఈశాన్య రుతుపవనాలు రావాల, అక్టోబరు దాకా ఆగాల. పక్కనే గాదంకిలో 1990ల నుంచి ఆకాశాన్ని జల్లెడ పట్టే రాడార్ ఉంటే, పుణ్యాత్ముడు సొంతూరి వాన కబురు వరంగల్ నుంచి తెప్పించుకుంటున్నాడు.

ఆ పేరు తీసేసి, మ్యాప్‌లో వాళ్ల వీధి మీదే వేలు పెట్టి ఖాయం చేశాను. బ్యాటరీ పొదుపు దాన్ని నిద్రపుచ్చకుండా మినహాయింపూ ఇచ్చాను. వాడు తెగ మురిసిపోయాడు. "మన ఊరు ఇంక నా జేబులో ఉండాదన్నా!"

మొన్న కార్తీకంలో, జడివానలో గొడుగేసుకుని పెద్దమ్మ మా ఇంటికొచ్చింది.

"అబ్బోడి ఫోన్ బాగు చేసింది నువ్వేనంట గదా నాయనా?"

"నేనే పెద్దమ్మా. ఇప్పుడు సరిగ్గా చూపిస్తా ఉండాదా?"

"బో సరిగ్గా చూపిస్తా ఉండాదంట. నిన్న నేనే ఫోన్ చేసి, వాన పడతా ఉండాది రా అంటే, 'చూసినాలే మా' అని పెట్టేసినాడు."

కొంగుముడి విప్పి వంద రూపాయల నోటు నా ముందు పెట్టింది.

"దాన్ని మళ్లా చెడగొట్టాలంటే ఎంతవుతాది నాయనా?"