నొక్కు పూడ్చే పద్యం: టీకా తాత్పర్యం

ఆ. నురుగుపలకమీద నొక్కుపడినచోట
పూతకన్న ముందె పూడ్చవలయు
గట్టిముద్ద వలదు గరుకుకాగితమున
మెత్తనురుగె యరుగు, మెట్ట మిగులు

టీక: నురుగుపలక = సర్ఫ్‌బోర్డు కడుపులో ఉండే ఫోమ్ దిమ్మె, అనగా బ్లాంక్; నొక్కు = సొట్ట, గుంట, పూస ఊడిన చోటు; పూత = గాజుగుడ్డ పరిచి రెసిన్ పట్టించడం; గట్టిముద్ద = రెసిన్‌లో పొడి కలిపిన పుట్టీ; గరుకుకాగితము = వడ్రంగులు ఉప్పుకాగితం అనేది; మెట్ట = చుట్టుపక్కల కన్నా ఎత్తుగా మిగిలిన భాగం.

తాత్పర్యం: గాజుపూతకు ముందే సొట్టలు పూడ్చాలి. పూడ్చే ముద్ద ఫోమ్ కన్నా గట్టిదైతే, రుద్దినప్పుడు ఫోమే అరిగిపోయి ముద్ద మిట్టగా నిలబడుతుంది.

వ్యాఖ్య: పద్యం ఏ కావ్యంలోదీ కాదు, వ్యాఖ్య కోసమే పుట్టింది. అందువల్ల కవి హృదయం తెలుసుకోవడంలో ఇబ్బంది లేదు. ముందుగా 'నొక్కుపడినచోట' అన్నది చూద్దాం. కాలిఫోర్నియాలో 1950ల చివర పాలీయురెథేన్ ఫోమ్ వచ్చి బాల్సా చెక్కను పక్కకు నెట్టింది. అచ్చులోంచి తీసిన దిమ్మె పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. షేపర్, అంటే బోర్డు చెక్కేవాడు, ప్లేనర్‌తో ఆకారం తీస్తున్నకొద్దీ ఆ గట్టి పొర పోతుంది. ఆ తరవాత బొటనవేలు గట్టిగా ఆనినా గుర్తు పడుతుంది. అమెరికాలో బ్లాంక్‌లలో సింహభాగం సరఫరా చేసిన క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబరు 5న ఉన్నపళంగా మూతపడ్డాక ఈపీఎస్ వాడకం పెరిగింది. ఇది మనం థర్మాకోల్ అనే జాతిదే. కోసేటప్పుడు పూసలు ఊడి గుంటలు పడడం దీని రోగం. వైద్యం మాత్రం సొట్టకు వేరు, గుంటకు వేరు. సొట్టలో సరుకు ఎక్కడికీ పోలేదు, అణిగింది అంతే. తడిగుడ్డ వేసి ఆవిరి పట్టిస్తే పూర్తిగా కాకపోయినా కొంత లేస్తుంది. లేచినంత మేర పూడ్చే పని తప్పినట్టే. తరవాత బాగా ఆరనివ్వాలి. ఈపీఎస్‌కు మాత్రం వేడి జాగ్రత్తగా పట్టాలి, నీళ్ళు మరిగే వేడికి అది మెత్తబడిపోతుంది.

ఇక పద్యానికి ప్రాణం 'గట్టిముద్ద వలదు'. బలమైన వస్తువుతో పూడిస్తే బలం వస్తుందన్నది లోకం అనుకునే మాట. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. ఉప్పుకాగితం చుట్టిన చెక్కతో రుద్దుతుంటే కాగితం మెత్తగా ఉన్నదాన్ని ముందు తింటుంది. రెసిన్ ముద్ద చుట్టూ ఫోమ్ పళ్ళెంలా దిగిపోతుంది, నడుమ ముద్ద నిలుస్తుంది. షేపింగ్ గదిలో గోడల వెంబడి బోర్డు ఎత్తున దీపాలు పెట్టేది ఇందుకే: అడ్డంగా పడే వెలుగులో ఆ అంచుకు సన్నని నీడ కనిపిస్తుంది, పైనుంచి పడే వెలుగులో కనిపించదు. చూడకుండా దానిమీదే గుడ్డ పరిచారనుకోండి. తేలికపాటి గాజుగుడ్డ మందం మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. పైన మరో రెసిన్ పూత పోసి, ఆరాక నునుపు చేసేటప్పుడు యంత్రం ముందుగా తగిలేది ఆ మిట్టకే. చుట్టుపక్కల నునుపు వచ్చేలోపు అక్కడ గుడ్డ పోగులు తెగిపోతాయి. బోర్డుకు బలమిచ్చేది ఆ పోగులు. కాబట్టి బలం కోసం పెట్టిన ముద్దే బోర్డులో అన్నిటికన్నా బలహీనమైన చోటును తయారు చేస్తుంది. గోడలకు పెట్టే తేలికపాటి స్పాకిల్, మన పెయింటర్ల భాషలో లప్పం వంటిది, ఫోమ్‌తో పాటే అరుగుతుంది. దాని గొప్పతనమంతా ఆ అర్భకత్వంలోనే ఉంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. గుంటను అలాగే వదిలేస్తే పైన పోసే రెసిన్ తానే నింపదా? నింపుతుంది. ఘనమీటరు ఫోమ్ 40, 50 కిలోలుంటే అంతే రెసిన్ 1,100 కిలోల పైమాటే. అయినా చెంచాడు రెసిన్ బరువుకు బోర్డు మునగదు, ఆ వాదం నేను చేయను. చిక్కు వేరే ఉంది. ఒకచోట మందంగా చేరిన రెసిన్ గట్టిపడుతూ వేడెక్కుతుంది, కుంచించుకుపోతుంది. పూడిందనుకున్న గుంట మళ్ళీ పైకి తేలుతుంది. అసలు గుడ్డ గుంటలోకి దిగకుండా పైనే వంతెనలా నిలిస్తే కింద గాలి చిక్కుకుంటుంది, పూత ఊడడం అక్కడే మొదలవుతుంది. రెండో ఆక్షేపణ గట్టిది: గాజుపూత స్పాకిల్‌ను పట్టుకుంటుంది గాని ఫోమ్‌ను కాదు, స్పాకిల్ బలహీనమైతే పూత ఊడదా? ఊడుతుంది, స్పాకిల్ విస్తారంగా ఉంటే. అందుకే పూడ్చాక చుట్టూ పులుముకున్నదంతా రుద్ది తీసేయాలి, గుంటలోది మాత్రమే మిగలాలి. అరచేతి మేర చోటు పోతే లప్పం పని కాదు. చెడినంత మేర చతురస్రంగా కోసి అదే ఫోమ్ ముక్కను అతికించాలి. అతికించే జిగురు గట్టిపడి గీతలా నిలిచిందంటే పద్యం మళ్ళీ వర్తిస్తుంది, కనుక అంచులకు పలచగా రాస్తే చాలు. బోర్డు అడుగున ఫిన్ అనే రెక్కను బిగించే ఫిన్ బాక్స్ కింద గట్టి సరుకు వాడతారు కదా అంటే, అక్కడ మోయవలసిన బరువుంది. అది సొట్ట కాదు, పునాది.

పాఠాంతరం: నాలుగో పాదంలో 'మచ్చ మిగులు' అని చదివేవారున్నారు. యతి చెడింది కనుక అది గ్రాహ్యం కాదు. విషయంలో మాత్రం తప్పులేదు: రంగు వేయని బోర్డులో, అద్దంలాంటి పూత కింద స్పాకిల్ పెట్టిన చోటు వేరే తెలుపుగా కనిపిస్తూనే ఉంటుంది. అది ఇష్టం లేనివారు రెసిన్‌లో రంగు కలుపుతారు.