పెట్రోలు పండే పది గుంటలు

శుభవార్త. తెలుగు మధ్యతరగతికి చమురు బావులు దొరికాయి. షాద్‌నగర్ దాటాక, సదాశివపేట దాటాక, జనగామకు అటూ ఇటూ, ఎర్రనేలలో కడీలు పాతి, ముళ్లతీగ చుట్టి, కమాను మీద ఇంగ్లీషు పేరు చెక్కించిన వెంచర్లలో ఇక పెట్రోలు పండబోతోంది. ఆదివారం సైట్ విజిట్‌కు ఏసీ కారు పంపిన ఏజెంటు గారు చల్లని మజ్జిగ చేతికిచ్చి ఇలా విడమరుస్తారు: దేశమంతా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ మక్కల్లోంచి, బియ్యంలోంచి, చెరకులోంచి వస్తుంది. అవి భూమిలోంచి వస్తాయి. దేవుడు కొత్తగా భూమిని పుట్టించడం లేదు. కాబట్టి సార్, ఒక పది గుంటలు తీసుకోండి. ఇవాళే టోకెన్ కడితే గజానికి రెండొందలు తగ్గిస్తాం.

దేవుడి సంగతి సహా ఇందులో దేనికీ వంక పెట్టలేం. 2013-14లో పెట్రోలులో ఇథనాల్ వాటా 1.53 శాతం. 2022 జూన్ నాటికి అది 10 శాతమైంది. 2030కి చేరాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025-26కు జరిపి, 2025లోనే అందుకున్నారు. సర్కారు గడువు వెనక్కి పోకుండా ముందుకు రావడం మన కాలంలో చూశాం, అదృష్టం. వచ్చిన చిక్కంతా ఆ తర్వాత, ఢిల్లీ లెక్కకూ మీ చెక్కుబుక్కుకూ ఏజెంటు గారు ముడివేసే చోటే ఉంది.

ఆయన కాలిక్యులేటరుకు గజాలు తప్ప లీటర్లు తెలియవు గనుక ఆ లెక్క మనమే వేద్దాం. ఎకరానికి 25 క్వింటాళ్ల మొక్కజొన్న పండిందనుకుందాం. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం టన్ను మొక్కజొన్న నుంచి 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఎకరానికి 950 లీటర్లు. మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు సంస్థలు 2024 జనవరిలో ఖరారు చేసిన ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు. మొత్తం 68 వేల చిల్లర. ఎకరం 40 లక్షలకు కొన్నారనుకుంటే, అదే సొమ్ము ఆరు శాతం వడ్డీకి బ్యాంకులో పడేస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఏటా రెండు పంటలు తీసినా ఇథనాల్ లక్షా ముప్పై ఆరు వేల దగ్గర ఆగిపోతుంది. అదైనా ఎప్పుడు? విత్తనం, ఎరువు, కూలి, లారీ కిరాయి, ఫ్యాక్టరీలో కాలే ఇంధనం, ఫ్యాక్టరీ యజమాని లాభం, అన్నీ లోకం మీకు ఉచితంగా సమర్పించుకుంటే! వాస్తవంలో మీకు దక్కేది కౌలు. అది కూడా దున్నే మనిషి దొరికితే.

మీ పెట్టుబడిలో నమ్మదగిన రాబడి మరొకటుంది. సాగుకు పనికొచ్చే భూమికి తెలంగాణ ప్రభుత్వం రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేలు ప్రకటించింది. అది పట్టాదారుకు వెళ్తుంది, చెమటోడ్చే కౌలుదారుకు కాదు. మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చున్న మీరు రైతు, ఎండలో మీ పొలం దున్నేవాడు ఎవరో దారిన పోయేవాడు. దేశానికి ఇంధన స్వావలంబన తెస్తామని బయల్దేరిన పెట్టుబడిదారుడు చివరికి సర్కారు సాయం కోసం ఫోన్‌లో మెసేజీ చూసుకుంటూ ఉంటాడు.

పది గుంటల బేరంలో ఇంకో విశేషం. ఎకరాకు 40 గుంటలు. ఇరవై గుంటలైనా లేని ముక్కను ఫామ్ ప్లాటు పేరుతో అమ్మితే కొనవద్దని ప్రభుత్వ సంస్థ హైడ్రా హెచ్చరించింది. అయినా గుంటల మీద, గజాల మీద అమ్మకం జరుగుతూనే ఉంది. పది గుంటల్లో ఆరుంపావు క్వింటాళ్ల మక్కలు పండించి దేశపు చమురు దిగుమతుల బిల్లు తగ్గించాలన్న మీ తపన గొప్పదే. ఆ పది గుంటల్లో స్విమ్మింగ్ పూల్, గెస్ట్ రూమ్, వాకింగ్ ట్రాక్ పోగా మక్కలు ఎక్కడ వేయాలో కూడా బ్రోచర్లో గుర్తుపెట్టి చూపిస్తే బాగుండేది.

"గిరాకీ పెరిగితే పంట ధర పెరుగుతుంది కదండీ, పంట ధర పెరిగితే భూమి ధర పెరగదా?" అని అడుగుతారు. పెరగాలి, అది బజారు అయితే. ఇథనాల్‌కు కొనుగోలుదారులు ప్రభుత్వ చమురు సంస్థలు. ధర చెప్పేది ఆ సంస్థలూ, ప్రభుత్వమూ. ఏ గింజతో ఎంత తీయాలో చెప్పేదీ ప్రభుత్వమే. 2023 జులైలో ఎఫ్‌సీఐ బియ్యం ఇవ్వడం ఆపేశారు. అదే ఏడాది డిసెంబరులో చెరకు రసానికి పగ్గాలు వేశారు. 2024 ఆగస్టులో విప్పారు. అప్పటిదాకా మొక్కజొన్నను ముద్దు చేసి, 2025 జనవరిలో ఎఫ్‌సీఐ బియ్యాన్ని డిస్టిలరీలకు క్వింటా 2,250 రూపాయలకే ఇస్తామన్నారు. ఆ బియ్యం సేకరించి, నిల్వచేసి, చేరవేయడానికి సర్కారుకయ్యే ఖర్చు కిలోకు 40 రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. అదే బియ్యం కిలో ఇరవై రెండున్నరకు ఇస్తే మక్కల కోసం డిస్టిలరీ ఎందుకు ఎగబడుతుంది? ఏజెంటు గారు చెప్పే గిరాకీ ఒక్క ఉత్తర్వుతో పుడుతుంది, మరో ఉత్తర్వుతో పోతుంది. మీ ఇరవై ఏళ్ల పెట్టుబడి ఏ గుమస్తా బల్లమీద ఏ ఫైలు కింద ఉందో ఆయనకూ తెలియదు.

ఇక పంట ధర. 2024లో ఇథనాల్ గిరాకీతో మక్కల ధర నిజంగానే లేచింది. కోళ్ల ఫారాల వాళ్లు దాణా గిట్టడం లేదని గగ్గోలు పెట్టారు. మొక్కజొన్న ఎగుమతి చేసే మన దేశం దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. తక్కువ సుంకంతో దాదాపు ఐదు లక్షల టన్నులు తెచ్చుకోవడానికి కేంద్రం తలుపులు తెరిచింది. రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తే కోడికి కోపం వస్తుంది, కోడి కోపం సర్కారుకు వినబడుతుంది. మరుసటేడు రైతులు ఆశపడి మక్కలు విరివిగా వేశారు. 2025 నవంబరులో కర్ణాటకలోని హవేరి, గదగ్ రైతులు రోడ్డెక్కారు. క్వింటా మద్దతు ధర 2,400 ఉంటే మార్కెట్లో 1,600 నుంచి 1,800 పలికింది. అక్కడి ముఖ్యమంత్రి ప్రధానికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. తెలంగాణలో మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగింది. ఇదంతా పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలిసిన ఏడాదే! 2025-26కు చమురు సంస్థలు కోరింది 1,050 కోట్ల లీటర్లు, డిస్టిలరీలు ఇస్తామన్నది 1,776 కోట్ల లీటర్లు. ఫ్యాక్టరీల దగ్గరే సరుకు ఎక్కువై క్యూ కడుతుంటే, ఆ క్యూలో మీ పది గుంటలు ఎన్నో నంబరులో నిలబడతాయి?

మక్కలు పండించిన రైతుకే అందని ఇథనాల్ లాభం, మక్కలు పండించని యజమానికి అందుతుందట. ఈ సిద్ధాంతం ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు, సైట్ ఆఫీసులో మాత్రమే బోధిస్తారు.

ఇలాంటి బోధనలు మనకు కొత్తా? టేకు మొక్క నాటితే ఇరవై ఏళ్లకు కూతురి పెళ్లి అన్నారు. ఈము గుడ్డు పెడితే నూనె, తోలు, మాంసం, అన్నీ డాలర్లే అన్నారు. 2012లో ఆ పక్షులకు మేత వేసే దిక్కు లేకపోయింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ భూమిని చూపించి 32 లక్షల మంది నుంచి ఆరు వేల కోట్లకు పైగా సేకరించింది, ఆ డిపాజిటర్లు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. అన్నిటికంటే ముచ్చటైనది జట్రోఫా, గింజల నూనెతో బయోడీజిలు చేసే మొక్క. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ డీజిలులో 20 శాతం బయోడీజిలు కలపాలని దారి చూపింది. అప్పుడూ 20 శాతమే! బీడు భూమి చాలు, నీళ్లక్కర్లేదు, మేకలు ముట్టవు అని ఊరూరా చెప్పారు. మేకలు ముట్టని మాట నిజం. నీళ్లు పెట్టని చెట్టు కాయలివ్వలేదు. డీజిలులో బయోడీజిలు నేటికీ ఒక్క శాతం దాటలేదు. ఇథనాల్ లక్ష్యం నెరవేరింది, జట్రోఫా లక్ష్యం నెరవేరలేదు, కానీ ఆ పేరు విని భూమి కొన్నవాడి పరిస్థితి రెండింటిలోనూ ఒకటే. చెట్టు పేరు మారుతుంది, పక్షి పేరు మారుతుంది, బ్రోచర్ ముద్రించే ప్రెస్ మాత్రం అదే.

ఇంత చెప్పినా ఏజెంటు గారు తగ్గరు, చివరి అస్త్రం తీస్తారు. "బిల్ గేట్స్ అంతటివాడే పొలాలు కొంటున్నాడు సార్!" నిజమే, ఆయనకు అమెరికాలో రెండు లక్షలకు పైగా ఎకరాలున్నాయి. పది గుంటలు మాత్రం లేవు. సరే, అమెరికాకే వెళ్దాం. మొక్కజొన్నకూ ఇథనాల్‌కూ రాజధాని అయోవా రాష్ట్రం. 2005, 2007 చట్టాలు పెట్రోలులో ఇథనాల్‌ను తప్పనిసరి చేశాక అక్కడ ఎకరం సగటు ధర 2,916 డాలర్ల నుంచి 2013 నాటికి 8,716కు ఎగబాకింది. ఏజెంటు గారి గ్రాఫు సరిగ్గా అక్కడ ఆగిపోతుంది. 2016లో అది 7,183కు దిగింది. 2013లో కొన్నవాడికి తన ధర మళ్లీ కనబడటానికి 2021 దాకా పట్టింది. ఇంకా వెనక్కి వెళ్తే 1981లో 2,147 డాలర్లున్న ఎకరం 1986లో 787కు పడింది, బ్యాంకులు పొలాలు వేలం వేశాయి. ఇథనాల్ జోరు మీదున్న 2008లోనే వెరాసన్ అనే పెద్ద ఇథనాల్ కంపెనీ దివాలా తీసింది. అక్కడ పొలం అంటే మొక్కజొన్న పండే పొలం, సాగు చేసేది వందల ఎకరాల రైతు. లెక్క కాస్తో కూస్తో కుదిరిన చోటే ఇంత ఊగిసలాట ఉంటే, కుదరని చోట ఊగేది ఏమిటో ఊహించండి.

అమెరికాలోని మనవాళ్లకు ఒక చిన్న మాట. ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐలు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు. అందుకే డాలస్‌లో నిర్ణయం, నల్గొండలో రిజిస్ట్రేషన్, అమ్మ పేరు మీద పట్టా. ఎనభయ్యేళ్ల అమ్మ ఉన్నట్టుండి దేశ ఇంధన విధానంలో పెట్టుబడిదారు అయిపోతుంది. ఆమెకు ఎవరూ సైట్ చూపించలేదు, మజ్జిగ కూడా ఇవ్వలేదు.

ఇథనాల్ వల్ల భూమి బంగారమైతే, ఆ బంగారం ముందుగా ఫ్యాక్టరీ చుట్టూ మెరవాలి కదా. నారాయణపేట జిల్లా చిత్తనూరు జనం ఇథనాల్ ఫ్యాక్టరీ మీద పోరాడారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం జాతీయ రహదారి దిగ్బంధం చేశారు, పనులు ఆపాల్సి వచ్చింది. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ రైతులు ఫ్యాక్టరీ పనుల మీద తిరగబడ్డారు, వారిని బేడీలు వేసి కోర్టుకు తెచ్చిన పోలీసుల మీద ప్రభుత్వమే చర్య తీసుకోవాల్సి వచ్చింది. పంజాబ్‌లోని జీరాలో నెలల తరబడి ధర్నా చేసి ఫ్యాక్టరీని మూయించారు. బోరు నీళ్లు చెడతాయని, గాలి కంపు కొడుతుందని, పంట పోతుందని వాళ్ల భయం. పాపం, మన ఏజెంటు గారు ఆ ఊళ్లకు వెళ్లి ఉంటే, ఇంటి పక్కకు నడిచొచ్చిన అదృష్టాన్ని తరిమేస్తున్నామని వాళ్లకు తెలిసేది.

అందుకే నాదొక ప్రతిపాదన. ఇథనాల్ మీద నమ్మకమున్న వెంచర్ల వారు తమ తర్వాతి ఫామ్ ప్లాట్లను డిస్టిలరీ ప్రహరీగోడకు ఆనించి వేయాలి. తూర్పు ఫేసింగ్, ఉత్తరం ఫేసింగ్‌తో పాటు చిమ్నీ ఫేసింగ్ అని ఒకటి పెట్టి, దానికి గజానికి ఐదొందలు అదనంగా వసూలు చేయాలి. మొదటి ప్లాటు ఏజెంటు గారే సొంత డబ్బుతో, సొంత పేరు మీద కొని, శని ఆదివారాలు పిల్లాపాపలతో అక్కడ గడిపి, అక్కడి బోరు నీళ్లు తాగాలి. ఏడాది గడిచాక కూడా ఆయన అదే మాట చెబితే, రెండో ప్లాటుకు టోకెన్ కట్టే పూచీ నాది.