నాన్న కొట్టుకు హెచ్చార్ లేదు

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు నాన్న కిరాణా కొట్టులో కూర్చున్న కుర్రాడు రెజ్యూమేలో ఏమని రాసుకోవాలి? కంపెనీల లెక్కలో వాడు ఫ్రెషర్. బేగంబజారుకెళ్లి బేరమాడి సరుకు తెచ్చాడు. ఎవరికి అరువివ్వాలో, ఎవరితో "పాతది కట్టు బాబాయ్" అనాలో నేర్చాడు. జీఎస్‌టీ లెక్కలు కట్టాడు. అయినా ఫ్రెషరే. పైగా ఇంటర్వ్యూలో "ఈ నాలుగేళ్ల గ్యాప్ ఏంటి?" అని సానుభూతి ఒకటి.

అదే కుర్రాడు అమీర్‌పేట మెట్రో దిగి సరైన సందు పట్టుకుంటే సాయంత్రానికల్లా మూడేళ్ల అనుభవం చేతికొస్తుంది. ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు. ఫోన్ చేస్తే "చాలా బుద్ధిమంతుడండీ" అని చెప్పే మేనేజరూ ప్యాకేజీలో భాగమే. నాన్న ఏనాడూ అంత మాట అనలేదు, పాపం.

ఇప్పుడు కంపెనీలు తెలివిమీరి పీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తున్నాయి. దాంతో దొంగ అనుభవం దొరికిపోతోంది, సంతోషం. కానీ 20 మంది పనిచేసేచోటే పీఎఫ్ తప్పనిసరి. కొట్టులో ఉన్నది అమ్మ, నాన్న, వీడు. చరిత్ర కావాలంటే ఇంకో 17 మందిని పెట్టుకోవాలి కాబోలు!

నిజం చెప్పేవాళ్లకీ ఓ తెగులుంది. పెదనాన్న టిఫిన్ సెంటర్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు "ఆపరేషన్స్ హెడ్" అని రాస్తాడు. మీ కింద ఎందరని అడిగితే, దోసెల మాస్టారొక్కడే, అతనూ మాట వినడు. ఎందుకొచ్చిన హోదా? "కుటుంబ దుకాణం, జీతం లేదు, కొనుగోళ్లు, అరువు పద్దులు, వసూళ్లు చూశాను. సరుకిచ్చిన టోకు వ్యాపారి నంబరు ఇదీ" అంటే సరిపోదూ?

అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2021లో పెట్టిన పోర్టల్ ఈ-శ్రమ్‌లో 30 కోట్ల మందికి పైగా పేరు నమోదు చేసుకున్నారు. ఉద్యోగ దరఖాస్తు ఫారాల్లో మాత్రం వాళ్ల పనికి గడి లేదు.

హెచ్చార్ వారికి మనవి. ఈసారి అలాంటి కుర్రాడొస్తే లెటర్లు అడక్కండి. పండగ ముందు వీధిలో అందరి బాకీలూ, ఒక్కరితోనూ మాట పడకుండా, ఎలా రాబట్టాడో అడగండి. జవాబు నచ్చితే మీ కలెక్షన్స్ టీమును కూడా పిలిచి వినిపించండి.