సేవకు డిస్కౌంట్ ఎంత?

మదీనా సెంటర్లో ఇరానీ చాయ్ తాగేవాళ్లలో ఎవర్ని కదిపినా దేశం బాగుపడే ఉపాయం ఒకటే చెబుతారు: కుర్రాళ్లందరినీ రెండేళ్లు మిలిటరీలో పడెయ్యాలి. చెప్పేవాళ్లు సాధారణంగా యాభై దాటినవాళ్లే.

రాజ్యాంగం అడ్డు రాదు. వెట్టిని నిషేధించిన 23వ అధికరణమే ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించవచ్చని ప్రభుత్వానికి వీలిచ్చింది. మతం, జాతి, కులం, వర్గం చూడకూడదంతే. అంటే ఉపాయం చెప్పిన పెద్దాయన కొడుకూ వెళ్లాలి. ‘మావాడికి డస్ట్ ఎలర్జీ అండీ!’

పాతబస్తీకి ఫౌజు కొత్త కాదు. నిజాం కొలువులో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. వాళ్ల తాతలు వచ్చింది జీతం కోసం. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో రైలు బోగీలు తగలబడింది కూడా సైన్యంలోకి పొమ్మన్నందుకు కాదు. అగ్నిపథ్ పేరిట నాలుగేళ్లకే నూటికి డెబ్బై అయిదు మందిని ఇంటికి పంపేస్తామన్నందుకు! పోతామన్నవాళ్లకు చోటు లేదు, పోనివాళ్లను లాక్కురమ్మంటున్నారు.

పోనీ, ఒక్క పూట సేవ సంగతి చూద్దాం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో యాకుత్‌పురాలో నలభై శాతం కూడా ఓటెయ్యలేదు. ‘పాతబస్తీ ఇంతే’ అని బంజారాహిల్స్ పెదవి విరిచింది. ఆర్నెల్లు తిరక్కుండానే లోక్‌సభ పోలింగ్: హైదరాబాద్ 48.48, బంజారాహిల్స్ ఉన్న సికింద్రాబాద్ 49.04. రాష్ట్రం మొత్తం మీద 65.67. పెదవి విరిచే హక్కు అర శాతంతో వచ్చిందన్నమాట. చచ్చిపోయినవాళ్లూ, ఇల్లు మారినవాళ్లూ ఇంకా జాబితాలో ఉన్నారన్నది నిజమే. వాళ్లను మాత్రం తప్పు పట్టలేం.

మన దగ్గర బాధ్యతకు సీజన్ సేల్ కూడా ఉంది. పెండింగ్ చలాన్ల మీద బైకులకు 2022లో 75 శాతం మాఫీ, 2023 చివర్లో 80 శాతం. పడిన రోజే కట్టినవాడు పిచ్చోడని సర్కారే తేల్చింది. కాబట్టి నిర్బంధ సేవ వస్తే ఎవరూ కంగారు పడక్కర్లేదు. నోటీసు వచ్చాక పెండింగులో పెట్టండి. 80 శాతం ఆఫర్ రాగానే 730 రోజులు కాస్తా 146 అవుతాయి.

ఆ 146 రోజులూ లాడ్‌బజార్ ఊడవమంటే? దానికీ దారుంది. రంజాన్ రాత్రుల సందడి సద్దుమణిగాక చీపురు పట్టుకొచ్చే జీహెచ్‌ఎంసీ ఆడవాళ్లు ఎలాగూ ఊడుస్తారు. మన పెద్దాయన వాళ్లలో ఒకామెను పిలిచి కొడుకు వంతు కూడా ఒప్పజెబుతాడు. రోజుకెంతిస్తారని ఆమె అడిగితే నొచ్చుకుంటాడు.

‘దేశసేవకు కూలేంటమ్మా?’