ఎఫ్ ఫైవ్ బావ

వీడియో గేములు ఆడేవాళ్ళు వేరు, ఆర్పీజీలు, అంటే ఓ పాత్రలో దూరి ఆడే గేములు, ఆడేవాళ్ళు వేరు. రెండోరకం వాళ్ళని "ఆడుతున్నారా?" అని అడిగినా చిన్నబుచ్చుకుంటారు. మా బావ ఆ రకం. కూకట్‌పల్లిలో అపార్టుమెంటుకొకరు చొప్పున ఉంటారు వీళ్ళు. పగలు కోడు రాస్తారు, రాత్రి కత్తి దూస్తారు. "బావా, ఈ కొత్త గేమ్ ఎలా ఉంది?" అని అడిగామా, 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టుక దగ్గర మొదలెడతాడు. 1997 నాటి ఫాలౌట్ దాకా వచ్చేసరికి రెండు కాఫీలు అయిపోతాయి.

బావ సిద్ధాంతం ఒక్కటే. చేసిన పనికి ఫలితం అనుభవించి తీరాలి, లేకపోతే అది ఆర్పీజీయే కాదు. మన కర్మ సిద్ధాంతమే అనుకోండి, కాకపోతే దీనికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఫాలౌట్‌లో మన మనిషికి తెలివి పాయింట్లు బాగా తగ్గించి పెడితే వాడికి మాట సరిగా రాదు, ఎదుటివాళ్ళూ వెర్రివాణ్ణి చూసినట్టే చూస్తారు. "అదీ పాత్రంటే!" అంటాడు బావ. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం అంటే మరీ ప్రాణం. మైకం దిగని ఓ డిటెక్టివు, అతని బుర్రలో ఒకదానితో ఒకటి పోట్లాడుకునే 24 నైపుణ్యాలు. ఒంట్లో సత్తువ మరీ తక్కువ పెట్టుకుంటే, తిరుగుతున్న ఫ్యానుకి చిక్కుకున్న టై అందుకోబోయి గుండె ఆగి చావొచ్చు. కేసు సంగతి తర్వాత, ముందు హోటల్ గది దాటాలి కదా. ఈ చావు గురించి చెప్పేటప్పుడు బావ మొహం వెలిగిపోతుంది.

చెప్పడం వరకే. ఆడేటప్పుడు మాత్రం ఆయన వేలు ఎఫ్ ఫైవ్ మీదే కాపురం. తలుపు తీసేముందు సేవ్, తీశాక సేవ్. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో ఎవర్నైనా ఒప్పించాలన్నా, తాళం తీయాలన్నా ఇరవై ముఖాల పాచిక తెరమీదే దొర్లుతుంది. ఒకటి పడితే పని చెడుతుంది, కథ ఇంకో దారి పడుతుంది. ఆ చెడ్డ దారుల్లోనే బోలెడు సరదా ఉంది. బావ వాటి మొహం చూడడు. ఎఫ్ ఎయిట్ కొట్టి వెనక్కి పోతాడు, మంచి పాచిక పడేదాకా వేస్తూనే ఉంటాడు. శకునికి కూడా ఇంత ఓపిక లేదు. అదేమంటే, "నా పాత్ర అలా తడబడే మనిషి కాదు బామ్మర్దీ" అంటాడు.

దుర్మార్గుడిగా ఆడే వీలు లేని గేమ్ దండగన్నది ఆయన ఉపసిద్ధాంతం. ఓ శనివారం రాత్రి పాత్ర మొహానికి మచ్చలూ కొమ్ములూ అమర్చడానికే రెండు గంటలు కూర్చున్నాడు. ఇక ఊళ్ళు తగలబెట్టడమే తరువాయి అన్నాడు. ఎమరాల్డ్ గ్రోవ్‌లో ఓ ఉడత ఎదురైంది. తన్నాడు. అంతే, "రాములవారు వీపు నిమిరిన జాతి!" అంటూ ఎఫ్ ఎయిట్. ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆ రాక్షసుడు కనిపించిన ప్రతివాడికీ సాయం చేసి, డబ్బులిస్తే వద్దంటున్నాడు.

స్కైరిమ్ అనే ఇంకో గేమ్‌లో బావ మందుసీసాల మూట మోయలేక పరుగు మానేసి నత్తనడక నడుస్తాడు. పెద్ద డ్రాగన్ కోసం దాస్తున్నానంటాడు. పెద్ద డ్రాగన్ వచ్చింది, చచ్చింది, ఒక్క సీసా మూత తీయలేదు. "అటకమీద నా స్టీలు సామాను చూసి ఏమన్నారండీ మీరు?" అని అక్క అడిగింది. బావకి వినపడలేదు, హెడ్‌ఫోన్స్.

ఈయన్ని నిజంగా దెబ్బకొట్టింది 2015 నాటి విచర్ 3. చెట్టుకింద బందీగా ఉన్న ఓ ఆత్మని వదలాలా, చంపాలా? వదిలితే అనాథ పిల్లలు బతుకుతారు, బ్లడీ బారన్ అనే పాత్ర ఉరేసుకుంటాడు. చంపితే బారన్ బతుకుతాడు, పిల్లలు పోతారు. ఏది మంచో బోర్డు పెట్టలేదు. పైగా ఫలితం అప్పటికప్పుడు తెలియదు, బోలెడు ఆట గడిచాక తీరిగ్గా వచ్చి తలుపు తడుతుంది. నన్నడిగితే ఆ గేమ్ గొప్పంతా ఆ ఆలస్యంలోనే ఉంది, ఎఫ్ ఫైవ్‌కి అందదు. బావ బారన్ శవాన్ని చూసి, "కళాఖండం!" అని నిట్టూర్చి, ఎప్పటిదో పాత సేవ్ తవ్వితీసి మళ్ళీ ఆడాడు. ఈసారి పిల్లలు పోయారు. మళ్ళీ తవ్వాడు. ఆ వారమంతా ఆయనకి ఆఫీసు లేదు, ఒంట్లో బాగాలేదు.

మా మేనల్లుడు ఇంజనీరింగ్. సిద్ధాంతాలు లేవు వాడికి. బాల్డర్స్ గేట్ 3లో ఆనర్ మోడ్ ఆడతాడు. ఒకటే సేవ్, వెనక్కి పోవడాల్లేవు, జట్టంతా చస్తే పరువు పోయినట్టే. "నువ్వు ఇన్నేళ్ళూ కోరుకున్నది ఇదే కదా బావా?" అన్నాను. "అది కుర్రాళ్ళ హడావుడి. పాత్ర లోతు తెలియాలంటే అన్ని దారులూ చూడాలి" అని కొట్టిపారేశాడు. మొన్న మాత్రం వాడి వెనక నిలబడి చూస్తున్నాడు.

"సేవ్ చేశావుట్రా?"

"ఇందులో కుదరదు నాన్నా."

"మరి ఒకటి పడితే?"

"పడుతుంది."

వాడు నొక్కేశాడు. పాచిక ఇంకా దొర్లుతుండగానే బావ యూపీఎస్ స్విచ్ మీదికి వంగాడు.